నెల తప్పిందన్న భయంలో ఆ పొక్కుల్ని మరిచిపోకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 26 ఏళ్ళు. మాది కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్ళి. కాబోయే ఆయనకు 29. పోయిన నెలలో వరసగా రెండు ఆదివారాలు ఒంటరిగా కలుసుకున్నాం. ఇద్దరికీ ఇష్టమయ్యే దగ్గరయ్యాం కానీ సంభోగం వరకు వెళ్ళలేదు. మొదటిసారి లోదుస్తులు తియ్యలేదు. ఆయన వీర్యం నా లోదుస్తు మీద పడి తడిసింది. రెండోసారి చేతులతో, నోటితో, అంతే. వీర్యం తగిలిన చెయ్యి నాకూ తగిలింది. రెండుసార్లూ భయపడి మర్నాడు ఐ-పిల్ (కలిశాక గర్భం రాకుండా వేసుకునే మాత్ర) వేసుకున్నాను. ఎప్పుడూ 28, 30 రోజులకు వచ్చే నెలసరి ఈసారి 6 రోజులు దాటినా రాలేదు. కిట్‌తో రెండుసార్లు చూశాను, ఒక్క గీతే వచ్చింది. అయినా నమ్మకం కుదరడం లేదు. పైగా రెండోసారి కలిసిన నాలుగైదు రోజులకు కింద చిన్న చిన్న పొక్కులు వచ్చి పగిలాయి. మూత్రానికి వెళ్తే భగ్గుమంటోంది. జ్వరం కూడా తగిలింది. ఆ రోజు ఆయన పెదవి చివర పొక్కు ఉన్నట్టు గుర్తు. వేడి చేసిందన్నారు. మెడికల్ షాపులో దురద అని చెప్పి ట్యూబు తెచ్చుకుని పూస్తున్నాను. నాకు గర్భం వచ్చి ఉంటుందా? డాక్టర్ దగ్గరికి వెళ్తే నేను కన్యను కానని తెలిసిపోతుందా?
– పేరు రాయలేని ఒక అమ్మాయి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడున్నర పేజీలు గర్భం భయమే. పొక్కుల సంగతి చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఉంది. చదువుతుంటే నాకు మాత్రం ఆ చివరి అరపేజీ గురించే బెంగ పట్టుకుంది. మీరు రాసినదాన్ని బట్టి గర్భం వచ్చే అవకాశం దాదాపు లేదు. పొక్కులకు మాత్రం ఈ ఉత్తరం చదివిన మర్నాడే డాక్టర్‌కి చూపించుకోవాలి. ముందు మీ భయం తీరుస్తాను, అది తీరితే గానీ రెండో మాట మీ చెవికెక్కదు.

గర్భం రావాలంటే వీర్యకణాలు యోనిలోకి చేరాలి. అక్కణ్ణుంచి గర్భాశయ ముఖద్వారం దాటి, గర్భాశయం దాటి, ట్యూబులో ఉన్న అండాన్ని అందుకోవాలి. లోపలికి చేరిన వీర్యకణం 5 రోజుల దాకా బతకగలదు. అండం ఆయుష్షు విడుదలైన దగ్గర్నుంచి ఒక్క రోజే. ఈ 5 రోజుల మాట ఎక్కడో చదివి చాలామంది దుప్పటి మీద, తువ్వాలు మీద, బాత్‌రూమ్ మగ్గు మీద కూడా అన్ని రోజులు బతికుంటాయనుకుని వణికిపోతారు. అలా కాదమ్మా. ముఖద్వారం దగ్గరి జిగురు, ఒంటి వెచ్చదనం, తేమ వాటిని కాపాడతాయి. బట్ట మీదో చర్మం మీదో పడిన వీర్యం ఆరిపోయిందంటే అందులోని కణాలు చచ్చిపోయినట్టే. నీళ్ళు పోసినా మళ్ళీ ప్రాణం రాదు. మీ లోదుస్తు పైన పడింది, గుడ్డలో ఇంకింది. అక్కడితో దాని కథ అయిపోయింది.

రెండో ఆదివారం సంగతి. వీర్యం అంటిన చేతిని తుడుచుకున్నా, కాసేపు గాలికి ఆరినా భయం లేదు. తడి తడిగా ఉన్న వేళ్ళు వెంటనే యోని లోపలికి వెళ్తే, జరగనే జరగదని ఒట్టేసి చెప్పను, అవకాశం మాత్రం చాలా తక్కువ. నోటితో చేసినందువల్ల గర్భం రానే రాదు. మన భాషలో పొట్టనీ కడుపే అంటాం, గర్భాన్నీ కడుపే అంటాం. అందుకే 'మింగితే కడుపు వస్తుందా' అని డిగ్రీలు చదివినవాళ్ళు కూడా నన్ను లోగొంతుతో అడుగుతారు. మింగినది జీర్ణాశయంలోకి పోతుంది. అక్కణ్ణుంచి గర్భాశయానికి దారి లేదు.

మరి సంభోగం లేకుండా అసలు గర్భమే రాదా అంటే, వచ్చే దారి ఒకటుంది. బట్టలు లేకుండా అంగాన్ని యోని ద్వారానికి ఆనించి రాపిడి చేసుకున్నప్పుడు, వీర్యం సరిగ్గా ఆ ద్వారం మీద పడినప్పుడు కణాలు లోపలికి పాకగలవు. స్ఖలనానికి ముందు ఊరే జిగురులో కూడా కొందరు మగవాళ్ళకు వీర్యకణాలు ఉంటాయి. అది ఎప్పుడు ఊరుతుందో వాళ్ళకే తెలియదు. 'లోపల పెట్టలేదు కదా' అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. కన్నెపొర అడ్డుకుంటుందన్నది కూడా వట్టిమాట. నెలసరి రక్తం బయటికి రావడానికి ఆ పొరలో దారి ఉంటుంది కదా, ఆ దారే చాలు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా నొప్పి వల్ల ఒక్కసారి కూడా సంభోగం కుదరని దంపతులకు గర్భం వచ్చిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. మీరు రాసిన రెండు ఆదివారాల్లోనూ అలాంటిది జరగలేదు. ఇకముందు జరగవచ్చనిపిస్తే కండోమ్ ఆ క్షణం నుంచే ఉండాలి, 'చివర్లో పెట్టుకుందాంలే' అనకూడదు.

అయితే నెల ఎందుకు తప్పింది? 'నెల తప్పింది' అంటే మన ఇళ్ళలో ఒకటే అర్థం, అందుకే ఆ మాట తలచుకోగానే మీ గుండె జారిపోయి ఉంటుంది. మీరు వేసుకున్న ఆ మాత్రే నెలసరిని జరిపి ఉంటుందని నా గట్టి నమ్మకం. అందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను, 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదలను వాయిదా వెయ్యడమే దాని పని. అండం వెనక్కి జరిగితే దాని వెనకాలే వచ్చే నెలసరీ జరుగుతుంది. ఒక మాత్రకే వారం అటూ ఇటూ కావడం మామూలు. మీరు ఒకే నెలలో రెండు వేసుకున్నారు. దానికి తోడు టెన్షన్, నిద్ర లేకపోవడం, జ్వరం. ఇన్ని కలిశాక నెలసరి లెక్క ప్రకారం రావాలని పట్టుబట్టలేం. గర్భం వచ్చిందన్న భయంతో మాత్ర, మాత్ర వల్ల ఆలస్యం, ఆలస్యం చూసి ఇంకా భయం. ఈ గానుగ చుట్టూ తిరిగే అమ్మాయిల్ని నేను వారానికి ఒకరినైనా చూస్తాను. ఈమధ్య ఒకమ్మాయి హ్యాండ్‌బ్యాగులోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి నా టేబుల్ మీద విప్పింది. అందులో పదకొండు కిట్లు, ప్రతిదాని వెనకా బాల్‌పెన్‌తో తారీకు రాసి ఉంది. అన్నింటిలోనూ ఒక్క గీతే. పన్నెండోది కూడా కొనాలా అని అడిగింది. ఆ పొట్లం పట్టుకున్న చేతులు చల్లగా, చెమటపట్టి ఉన్నాయి.

మీకు పన్నెండు అక్కర్లేదు, ఇంకొక్కటి చాలు. గర్భం నిలిస్తే హెచ్‌సీజీ అనే హార్మోను మూత్రంలోకి వస్తుంది, కిట్ పట్టుకునేది దాన్నే. కలిసిన మూడో రోజునో నాలుగో రోజునో చూస్తే అది ఇంకా తయారే కాదు, కాబట్టి ఆ పరీక్షకు విలువ లేదు. చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు గడిచాక, ఉదయం లేవగానే వచ్చే మూత్రంతో చెయ్యండి. కిట్ మీద రాసిన నిమిషాలు అయ్యాక చూసి పక్కన పడెయ్యండి. గంట తర్వాత డస్ట్‌బిన్‌లోంచి తీసి చూస్తే లీలగా ఇంకో గీత కనిపించవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ రోజు కూడా ఒక్క గీతే వస్తే గర్భం లేదు, ఇక ఆ మాట వదిలెయ్యండి. ఇంకో మూడు వారాలకు కూడా నెలసరి రాకపోతే అప్పుడు థైరాయిడ్ లాంటివి చూపించుకుందురు గానీ.

ఐ-పిల్ గురించి ఇంకొక్క మాట. అవసరమైనప్పుడు అది మంచి మందే. 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. వేసుకున్న 2 గంటల్లో వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. దానివల్ల తర్వాత పిల్లలు పుట్టరన్నది అబద్ధం, ఆ భయం పెట్టుకోకండి. కానీ లోదుస్తు తడిసినందుకూ, చెయ్యి తగిలినందుకూ వేసుకునే మందు కాదది. ఇంకో సంగతి: నెలసరి రాలేదని మెడికల్ షాపులో చాటుగా అబార్షన్ కిట్ తెచ్చుకుని మింగే పని ఎవరూ చెయ్యకండి. ఈ ఉత్తరం చదివేవాళ్ళలో నిజంగానే గర్భం వచ్చిన అవివాహితలు ఉంటే, చట్టం మిమ్మల్ని గెంటెయ్యలేదని తెలుసుకోండి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 20 వారాల వరకు పెళ్ళి కాని స్త్రీకి కూడా గర్భస్రావం చట్టబద్ధమే. 20 నుంచి 24 వారాల విషయంలో కూడా పెళ్ళయిందా లేదా అన్న తేడా చూపకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత ఉన్న డాక్టర్ దగ్గర చేయించుకుంటే మీ పేరు బయటికి చెప్పకూడదన్న నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇప్పుడు ఆ అరపేజీకి వద్దాం. నీటిపొక్కులు గుత్తిగా రావడం, పగిలి పుండ్లు కావడం, మూత్రం తగిలితే మంట, జ్వరం, అదీ కలిసిన నాలుగైదు రోజులకు. ఆయన పెదవి చివర పొక్కు. కళ్ళతో చూడకుండా ఖాయం చెయ్యకూడదు గానీ, ఈ వరస చదివితే ఏ డాక్టర్‌కైనా ముందు తట్టేది హెర్పిస్. సర్పి అనో అక్కి అనో మనవాళ్ళు పిలిచేది వేరే, అది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ మళ్ళీ లేచి నడుముకో ఛాతీకో చుట్టుకోవడం. ఇది హెర్పిస్ సింప్లెక్స్. ఇందులో మొదటి రకం ఎక్కువగా పెదవుల మీద ఉంటుంది. జ్వరం వచ్చి తగ్గాకో, ఎండన పడి తిరిగాకో పెదవి చివర చురుక్కుమని గుత్తిగా లేచే పొక్కులు అవే. 'వేడి చేసింది' అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. వేడి కాదు, వైరస్. ఆ పొక్కు ఉన్న పెదవితో నోటి సంభోగం జరిగితే అది కింది చర్మానికి అంటుకుంటుంది. సంభోగం జరగలేదు కాబట్టి ఏ జబ్బూ రాదన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. గర్భానికి వీర్యం కావాలి, ఈ వైరస్‌కి చర్మానికి చర్మం తగిలితే చాలు.

ఇది చదివి ఆయన్ని అనుమానించకండి. ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒంట్లో ఈ మొదటి రకం వైరస్ ఉంది. చాలామందికి పసితనంలోనే, ఏ మేనత్తో అమ్మమ్మో ముద్దు పెట్టుకుంటే వచ్చి ఉంటుంది. దాన్నిబట్టి ఎవరి నడవడికనూ కొలవకూడదు. పెళ్ళి ఆపుకోవాల్సిన జబ్బు అసలే కాదు.

దీనికి మాత్రలున్నాయి. అసైక్లోవిర్, దాని లాంటివే మరికొన్ని. తొందరగా మొదలుపెడితే పుండ్లు తొందరగా మానతాయి, కొత్తవి రావడం ఆగుతుంది. పుండ్లు ఇంకా ఉండగానే వెళ్తే డాక్టర్ చూడగానే పోల్చుకుంటారు, కావాలంటే పుండు నుంచి దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపుతారు. మానిపోయాక వెళ్తే చెప్పడం కష్టం. అందుకే రేపే వెళ్ళమంటున్నాను. ఈలోగా మూత్రానికి కూర్చున్నప్పుడు గోరువెచ్చని నీళ్ళు ధారగా పోసుకుంటూ వెళ్ళండి, మంట తగ్గుతుంది. మంటకు భయపడి నీళ్ళు తాగడం మానకండి, చిక్కబడితే ఇంకా మండుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకోండి. పుండు ముట్టుకున్న చేతితో కళ్ళు నలుపుకోకండి. మూత్రం అసలు రాకుండా బిగబట్టినట్టయితే మాత్రం రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్ళిపోండి.

ఈ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు, నరాల్లో నిద్రపోతుంది. ఈ మాట దాచి మీకు ఊరట ఇవ్వడం నాకిష్టం లేదు. కానీ మొదటిసారి ఉన్నంత బాధ తర్వాత ఉండదు. పైగా మొదటి రకం వైరస్ కింద వస్తే మళ్ళీ మళ్ళీ లేవడం తక్కువ. రేపు గర్భం వచ్చినప్పుడు మీ డాక్టర్‌కి 'నాకు ఒకసారి హెర్పిస్ వచ్చింది' అని తప్పక చెప్పండి. కాన్పు సమయంలో కింద పొక్కులు లేకుండా చూసుకోవాలి, లేకపోతే పుట్టిన బిడ్డకు అంటవచ్చు. ముందే తెలిస్తే దానికి జాగ్రత్త ఉంది. ఇద్దరిలో ఎవరికి పొక్కులు లేచినా, చురుకు మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా మానేదాకా ఆ చోటు రెండోవారికి తగలకూడదు.

ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి మిగతావీ చూపించుకోండి. నోటి ద్వారా గనేరియా, సిఫిలిస్ అనే సుఖవ్యాధులు కూడా సోకుతాయి. సిఫిలిస్ పుండు నొప్పి పుట్టదు, దానంతటదే మానిపోతుంది. మాయదారి జబ్బు, మానింది కదా అనుకుంటే లోపల ముదురుతూ ఉంటుంది. చిన్న రక్తపరీక్షతో తెలుస్తుంది, పెన్సిలిన్‌తో పోతుంది. ముద్దుల వల్ల, చేతులతో తాకడం వల్ల, వీర్యం ఒంటి మీద పడటం వల్ల హెచ్‌ఐవీ రాదు. నోటి సంభోగంలో బహు తక్కువ. అయినా పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే మంచిది. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఉచితం, వివరాలు బయటికి పోవు, అనుమానాలుంటే 1097కి ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. హెపటైటిస్-బి టీకా వేయించుకున్నారో లేదో అమ్మగారిని అడిగి కనుక్కోండి. హెచ్‌పీవీ కూడా చర్మం రాపిడితోనే అంటుకునే వైరస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి మూలం అదే. మీ వయసుకి దాని టీకా 6 నెలల్లో 3 డోసులు. మన దేశంలో తయారైనదీ దొరుకుతోంది. పెళ్ళిలోపు పూర్తి కాకపోయినా మొదలుపెట్టండి, మధ్యలో గర్భం వస్తే మిగతా డోసులు కాన్పు తర్వాత వేస్తారు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. కన్యత్వాన్ని చూసి చెప్పే పరీక్ష వైద్యశాస్త్రంలో లేదు. కన్నెపొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, అది చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు, చెప్పామంటే నమ్మకండి. మీ విషయంలో పొక్కులు బయటే ఉన్నాయి కాబట్టి బయటి నుంచే చూస్తారు. డాక్టర్ 'పెళ్ళయిందా' అని అడుగుతారు. మన దగ్గర ఆ ప్రశ్న వెనక 'కలిశారా' అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ 'లేదండీ' అని ఆగిపోతే వాళ్ళు దారి తప్పి ఫంగస్ మందు రాసి పంపించవచ్చు. ఇలా చెప్పండి: "పెళ్ళి కాలేదు డాక్టర్ గారూ. కాబోయే ఆయనతో దగ్గరయ్యాను. సంభోగం లేదు, ఓరల్ జరిగింది. అప్పుడు ఆయన పెదవి మీద పొక్కు ఉంది." నాలుగు ముక్కలు. నోటితో అనలేకపోతే ఫోన్‌లో టైప్ చేసి చూపించండి. మీరు మేజర్, మీ వెంట ఎవరూ రానక్కర్లేదు, మీ ఇంట్లోవాళ్ళకి చెప్పే హక్కు డాక్టర్‌కి లేదు. ఎవరైనా నీతులు చెప్పడం మొదలుపెడితే లేచి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని కూర్చోకండి.

ఆయనకి కూడా ఈ సంగతి చెప్పండి. 'నీ వల్లే' అని కాకుండా, 'నీ పెదవి మీది పొక్కు నాకు అంటినట్టుంది, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, రా' అనండి. మాఘంలో ఏడడుగులు నడవబోయే మనిషి, ఇప్పుడు ఆస్పత్రి మెట్ల దాకా రాగలడు.

ఒక్కటి మాత్రం ఇవాళే ఆపండి, ఆ ట్యూబు. దురద అని అడిగితే షాపువాళ్ళు ఇచ్చేవాటిలో చాలా వరకు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలగలిపిన క్రీములే. స్టెరాయిడ్ పూస్తే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, కింద వైరస్‌కి ఎదురు లేకుండా పోతుంది. పారెయ్యకండి, రేపు వెళ్ళేటప్పుడు బ్యాగులో వేసుకెళ్ళండి. అందులో ఏముందో, ఎన్నాళ్ళు పూశారో డాక్టర్‌కి తెలియాలి.